ఒత్తులకూ సూటు!

మండీలో కాయ దింపగానే ముందు వినబడే మాట సూటు. తూకంలో ఇంత కొట్టేస్తాం, నోరెత్తకు. ఎందుకయ్యా అంటే దెబ్బ తగిలిన కాయ ఉంటుందట, సొన కారిన కాయ ఉంటుందట. మామిడి రైతుకు అలవాటైపోయిన కోత ఇది. ఇన్నాళ్లూ కాయకే తీసేవారు. ఇప్పుడు అక్షరానికీ తీస్తున్నారు.

నమ్మరా? మొన్న సీజన్లో నూజివీడు పక్కనున్న తోటలోంచి మా బాబాయి నేరుగా ఫోను పట్టుకుని వచ్చాడు. చేతికి ఇంకా సొన మరకలే. తెర మీద ఒక కార్యాలయం వారి వెబ్‌సైటు. పైన మాగిన బంగినపల్లి రంగులో వెడల్పాటి పట్టీ. దాని మీద శీర్షిక.

"ఏరా అబ్బాయ్, ఈ గిటుబాటు ధర ఏంట్రా? కొత్త పథకమా?"

చూశాను. గిట్టుబాటే. ట కింద ఒత్తు లేదు. కత్తిపీట మీద పెట్టి కోసినట్టు అడుగు తెగిపోయింది. దరఖాస్తు దరఖాసు అయింది. నష్టం నషం అయింది. ప్రభుత్వం పభుతం అయింది. (అదొక్కటీ పెద్ద తేడాగా అనిపించలేదు లెండి.) ధరకు మాత్రం ఏమీ కాలేదు. దాని కింద వేలాడే ఒత్తు లేదుగా! ధర క్షేమం. తెగింది గిట్టుబాటే. కంప్యూటరుకు ఇంత వెటకారం ఎవరు నేర్పారండీ?

ఇద్దరం కార్యాలయానికి వెళ్లాం. సారు తన తెర మా వైపు తిప్పారు. వార్తలు టైపు చేసే ఎడిటరు పెట్టె తెరిచి ఉంది. అందులో ఒత్తులన్నీ నిండు గెలలా వేలాడుతున్నాయి. "మా దగ్గర బాగానే వస్తోందే!" అన్నారు. వస్తుంది సార్. మీ దగ్గర ఎప్పుడు బాగాలేదు గనక?

గుట్టు ఇక్కడే ఉంది. చాలా ఎడిటర్లలో ఆ టైపు పెట్టె పేజీలో ఇంకో పేజీ. ఇంట్లోనే వేరు కాపురం. బయటి పేజీకి తొడిగిన సీఎస్ఎస్, అంటే అక్షరం సైజు, రంగు, వరసల ఎడం చెప్పే చిట్టా, దానంతటది ఆ పెట్టెలోకి పోదు. పెట్టెకు తొడిగింది బయటికీ రాదు. రెండింటికీ ఒకే చిట్టా చూపించాలి. టైనీఎంసీఈ ఎడిటర్లో అందుకు కంటెంట్ సీఎస్ఎస్ అని ఒక సెట్టింగే ఉంది. వర్డ్‌ప్రెస్‌లోనూ దారి ఉంది. ఈ సైటు కట్టిన మన కాంట్రాక్టరు బాబు ఏం చేశాడు? పెట్టెకు పట్టుబట్టలు కుట్టించాడు. బిల్లు పాస్ చేసే సారు చూసేది పెట్టెనే కదా! జనం చూసే పేజీకి పాత గోచీ వదిలేశాడు. గంపలో పైవరస పెద్ద రసాలు, కింద గాలికి రాలిన పిందెలు. ఈ కిటుకు దళారి దగ్గర నేర్చుకున్నాడా, పుట్టుకతో వచ్చిందా?

ఆ గోచీ కూడా విప్పి చూశాను. శీర్షిక ఎత్తు ఖచ్చితంగా 24 పిక్సెళ్లు. దాటితే దాచెయ్యమని పక్కనే హుకుం. ఇంగ్లీషు అక్షరానికి కొలతలు తీసి తెలుగుకు చొక్కా కుట్టారన్న మాట. తెలుగు అక్షరం ఒంటరిది కాదు బాబూ. దాని కాళ్ల కింద ఇంకో అక్షరం కాపురం ఉంటుంది. తమాషా చూడండి, ఎవరూ వేలు పెట్టకపోతే బ్రౌజరు ఫాంటునే అడిగి వరసకు సరిపడా చోటు ఇస్తుంది. చెడగొట్టడానికే ప్రత్యేకంగా పని చేశారు. ఆ కింద ఇంకో వరస: అక్షరాలన్నీ క్యాపిటల్‌లో చూపించు! తెలుగు లిపిలో క్యాపిటల్ ఎక్కడుంది నాయనా? రాష్ట్రానికి ఒక్క క్యాపిటల్ కోసమే ఇన్నేళ్లు కొట్టుకున్నాం, చాలదా?

ఇక ఫాంటు. ఏరియల్ అని రాశారు. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. విండోస్‌లో గౌతమో నిర్మలో, ఆండ్రాయిడ్ ఫోన్లో నోటో, ఏది దొరికితే అది వచ్చి పరువు కాపాడుతోంది. తెలుగు ఫాంట్లకు కరువా అంటే అదీ కాదు. సిలికానాంధ్ర అందించిన పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ ఉన్నాయి. వాళ్లను పోషించిన శ్రీకృష్ణదేవరాయ కూడా ఉన్నాడు. అందరూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా కొలువు తీరారు. గిడుగు పేరుతోనూ ఒకటుంది. ఏటా ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేస్తారు, మైకులో తల్లి భాష అంటారు, ఫొటో దిగుతారు. ఆ ఫొటో ఎక్కించేది ఈ వెబ్‌సైటులోనే. కింద శీర్షికలో ‘భాషా దినోత్సవం’ అడుగు తెగి ‘దినోతవం’ అవుతుంది. దండ ఎవరికి వేసినట్టు?

సీఎస్ఎస్ కొత్త వింతేమీ కాదు. నార్వే వాడైన హోకున్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించాడు, 1996 డిసెంబరులో ప్రమాణంగా ఖాయమైంది. మూలసూత్రం ఒక్కటే: సరుకు వేరు, సోకు వేరు. మనవాళ్లకు రెండో సగమే వినబడింది. అందుకే ఆ పట్టీ రంగు ఏడాదిలో మూడుసార్లు మారింది. అడుగున చిరునామా మాత్రం మారలేదు. 2022 ఏప్రిల్లో నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్లిపోయింది. పేజీ ఇంకా కృష్ణా జిల్లాలోనే కాపురముంది.

బాగు చేయాలంటే ఎంత పని? ఎత్తు హుకుం తీసెయ్యడం, క్యాపిటల్ వరస కొట్టెయ్యడం, వరసకు అక్షరం సైజులో ఒకటిన్నర రెట్ల పైన చోటివ్వడం, ఒక తెలుగు ఫాంటు పేరు రాయడం, అదే చిట్టా పెట్టెకూ పేజీకీ చూపించడం. 2008 నుంచీ ట్రిపుల్ ఐటీ నూజివీడులోనే ఉంది. క్యాంటీన్లో టీ చల్లారేలోపు ఏ కుర్రాడైనా చేసి పెడతాడు. కానీ టీకి టెండరు పిలవరుగా!

మేం ఫిర్యాదు రాసి ఇచ్చాం. కాయ కోత అయింది. టైర్ల బళ్లు వెళ్లిపోయాయి. తోటలో ఆకులు మిగిలాక జవాబొచ్చింది. ఒకే వాక్యం: "మీ ఫోనులో క్యాష్ క్లియర్ చేసుకుని చూడగలరు."

బాబాయికి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు.

"క్యాషు ఎప్పుడో క్లియర్ అయిపోయిందిరా. కోత కూలీలకే."