పేరు రాసినోడు దొరకాలె

దేవరకొండ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముంగట యాపచెట్టు కింద కూసోని ముప్పై ఏండ్లు దస్తావేజులు రాసిన. అమ్మేటాయన పేరు, తండ్రి పేరు, వయసు, ఏం పని చేస్తడు, ఏ ఊరు. కొనేటాయనకు కూడ అంతే. ఆ మీద భూమికి నాలుగు దిక్కుల హద్దులు. తండ్రి పేరుల ఒక్క అక్షరం తప్పు పడ్డా మళ్ల సవరణ దస్తావేజు రాసుకోవాలె, మళ్ల అందరు బస్సెక్కి రావాలె. లోపలికి పోతే "ఈయన మీకు ఎరుకేనా?" అని అడుగుతరు. ఇద్దరు సాక్షులు ఎరుకే అని చెప్పి దస్తఖత్ పెట్టాలె. వేలిముద్రలు ఎట్లాగూ ఉండె, 2001ల చట్టం మార్చినంక ఫొటోలు కూడ వచ్చినయ్.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంల 82వ సెక్షన్ ఒకటున్నది. తెలిసి అబద్ధం చెప్పినా, ఒకడు ఇంకొకని లెక్క నిలబడి వేలు వేసినా ఏడేండ్ల దాకా జైలు. కలం పట్టకముందే ఈ మాట పార్టీలకు చెప్పేటోన్ని. విన్నంక లేచి పోయినోళ్లు కూడ ఉన్నరు.

మా రోజుల్ల పేరంటే గట్ల ఉండె. నల్లగొండల గడియారం కాడ గాని, పాలమూరుల క్లాక్‌టవర్ కాడ గాని ఏ దుకాణం బోర్డు చూసినా కింద "ప్రొ." అని పెట్టి ఓనరు పేరు రాసి ఉంటుండె. పాలమూరు నుంచి బొంబాయికి మట్టిపనికి తోల్కపోయిన గుంపు మేస్త్రీలు కూలోళ్లను మోసం చెయ్యలేదని నేను అంటలేను. మస్తు చేసిన్రు. కాని మేస్త్రి ఇల్లు ఎక్కడున్నదో అందరికి ఎరుకే. పైసలు ఎగ్గొడితే ఆడోళ్లు పిల్లలతోని పోయి ఆ ఇంటి గడప మీద కూసునేది. ఇప్పుడు ఆ గడపే లేదు. నా బాధంత అదే.

మా తమ్ముని కొడుకు మహబూబ్‌నగర్‌ల నారాయణపేట, గద్వాల చీరెలు అమ్ముతడు. కొన్నేండ్ల కింద ఇంటర్నెట్ల దుకాణం పెడ్తనని డొమైన్, అంటే సైటు పేరు, తీసుకున్నడు. దాని ఫారం నా ముంగట్నే నింపిండు. నోటికొచ్చిన పేరు, హైదరాబాద్‌ల లేని గల్లీ, ఫోన్ నంబరు కాడ పది తొమ్మిదులు. ఆ పూటకోసమే ఒక మెయిల్ పుట్టించి, మళ్ల దాని మొఖం చూడలే.

"గదేంది బిడ్డా?" అన్న.

"ఎవడు చూస్తడు పెద్దనాయిన! అసలు నంబరిస్తే దినాం యాభై ఫోన్లొస్తయ్" అన్నడు.

నాలుగేండ్లు నిజంగనే ఎవడు చూడలే. దాంతోని వానికి ధైర్యం ముదిరింది. ఐదో ఏడు ఎవరో ఆ అడ్రస్ దొంగదని ఫిర్యాదు పెట్టిన్రు. డొమైన్ అమ్మిన కంపెనీని కూడ రిజిస్ట్రార్ అనే అంటరు. ఆ రిజిస్ట్రార్ మెయిల్ పంపింది. చూసేటోడు లేడు. సరిగ్గ బతుకమ్మ ముందు, చీరెలు అమ్ముడువోయే దినాలల్ల సైటు బందైంది.

వాడు అన్యాయం అని ఎగిరిండు గాని, నాకు చదివి వినిపిస్తే అన్యాయమేం కనపడలే. డాట్ కామ్ లాంటి డొమైన్ పేర్లకు నియమాలు పెట్టేది ఐకాన్ అనే సంస్థ. వివరాలు మారితే ఏడు దినాలల్ల చెప్పాలె. ఈ వివరాలు నిజమేనా అని రిజిస్ట్రార్ అడిగితే 15 దినాలల్ల జవాబియ్యాలె. తెలిసి తప్పు రాసినా, జవాబు ఇయ్యకున్నా ఒప్పందం తప్పినట్టే లెక్క. పేరు ఆపుతరు, తీసేస్తరు. కొనేటప్పుడు అదంత చదివినమని మనమే టిక్కు పెట్టి ఉంటం.

దానికన్న పెద్ద దెబ్బ ఆ మీద పడ్డది. "ఇది నాదే, పైసలు కట్టింది నేనే" అని ఫోన్ చేసిండు. రికార్డుల ఏ పేరున్నదో ఆ పేరుతోని సర్కారు కార్డు పంపమన్నరు. ఆ పేరుగల మనిషి భూమ్మీద లేడాయె! ఏ కార్డు పంపుతడు? మా దస్తావేజుల తప్పు పడితే ఇంకేదో ఆసరా ఉండేది. సర్వే నంబరున్నది, హద్దు రాళ్లున్నయ్, పక్క చెల్క ఆయన ఉన్నడు, సాక్షులు బతికున్నరు. భూమి యాడికి పోదు. డొమైన్‌కు అవేవి లేవు. రికార్డుల రాసిందే దానికి భూమి, రికార్డే హద్దు. అక్కడ అబద్ధం రాసుకున్నోడు తన పట్టా తానే చింపుకున్నట్టు.

అదేదో ఉత్త పేరే కదా అనేటోళ్లకు ఒక సంగతి చెప్పాలె. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే కేసుల 2004 మేల సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. డొమైన్ పేరుకు కూడ వ్యాపార గుర్తుకున్నట్టే రక్షణ ఉంటదన్నది. ఆస్తి అన్నట్టే కదా. ఆస్తిని లేని మనిషి పేరు మీద ఎవడన్న రాసుకుంటడా?

మావోడు దొంగ కాదు, బద్ధకం మనిషి. కాని వాడు దూరిన సందులకెల్లే దొంగలు కూడ దూరుతున్నరు. 2023 ఏప్రిల్‌ల తిరుమల దేవస్థానం పేరు మీద ఒక నకిలీ సైటు దొరికింది. అసలు సైటు పేరుల చుక్కలున్నకాడ అడ్డగీతలు పెట్టిన్రు, చివరికి "డాట్ ఇన్" బదులు "డాట్ ఓఆర్జీ" తగిలించిన్రు. అప్పటికే నలభై పట్టుకున్నరట, ఇది 41వది. కొండకు పోదామని పైస పైస కూడేసుకున్నోళ్ల కండ్లకు చుక్కకు, గీతకు ఫరక్ ఏం తెలుస్తది? "గవ్ డాట్ ఇన్" సర్కారుకు తప్ప ఇంకెవరికి ఇయ్యరు. ఈ ఒక్క ముక్క మా వాడకట్టుల ఇంటింటికి పోయి చెప్పి వస్తున్న.

ఐటీ చట్టం 66డి కింద ఇంకొకరి లెక్క నటించి మోసం చేస్తే మూడేండ్ల దాకా జైలు, లక్ష దాకా జుర్మానా. కాని రికార్డుల ఉన్న మనిషే లేకుంటే ఎవర్ని పట్టుకొస్తరు? ఢిల్లీ హైకోర్టుల గిసువంటి కేసులు అశోక్ కుమార్ మీద వేస్తరు. ఆ పేరుతోని ఎవడో ఉన్నడని కాదు. ఎవడో తెల్వనోని మీద కేసు వెయ్యాల్నంటే కోర్టు వాడే పేరది. ముప్పై ఏండ్లు తండ్రి పేరు లేనిది కాయితం రాయనోన్ని, అది విన్ననాడు నాకు అన్నం సయించలే.

మావోని భయం ఉత్తదే అని అనను. ఒకప్పుడు డొమైన్ ఓనర్ల వివరాలు లోకమంత చూసేటట్టు ఉండె, ఫోన్లు నిజంగనే వస్తుండె. 2018ల మనుషుల వివరాలు కాపాడే యూరప్ చట్టం వచ్చినంక చాలమట్టుకు కప్పి పెడుతున్నరు. రిజిస్ట్రార్ కాడ నిజం ఉంటది, బజార్ల కనపడదు. మా ఆఫీసుల గూడ వేలిముద్రల బుక్కు బీరువల ఉంటుండె, గోడకు అంటించలే.

ఆఖరుకు మావోని డొమైన్ గడువు తీరింది, తీసేసిన్రు. తీసేసినంక విడిపించుకునేదానికి 30 దినాలిస్తరు. ఆ మీద ఇంకో ఐదు దినాలు ఆగుతరు గాని, అప్పుడు విడిపించుకునే వీల్లేదు. అవి గూడ అయిపోయినయ్, ఎవడో కొన్నడు. ఇప్పుడు ఆ పేరు కొడితే పేకాట సైటు వస్తున్నది. ఆ పేరు అచ్చేసిన చీరెల సంచులు దుకాణం అటుక మీద రెండు వేల దాక ఉన్నయ్. అంతకుముందు పంచినయి వనపర్తిల, నల్లగొండల, అచ్చంపేటల ఎవరెవరి ఇండ్లల్ల ఉన్నయో. పోయిన వారం ఒకామె దేవరకొండ నుంచి ఫోన్ చేసింది. "మా బిడ్డ పెండ్లి చీరెలు మీ కాడనే కొన్నం. మళ్ల చూద్దామని సంచి మీదున్న పేరు కొడితే గదేందో వస్తున్నది, మీరు గా పని కూడ మొదలుపెట్టిన్రా అన్నా?" అని. మావోడు ఆమెకు ఏం చెప్పాల్నో తెల్వక ఫోను నా చేతిల పెట్టిండు.