అయిపోవచ్చిందిగారు

మా పక్కింటాయన అసలు పేరు మా ఇంట్లో పలికి పదేళ్లయింది. మాకాయన అయిపోవచ్చిందిగారు. "కారు ఎందాకా వచ్చిందండీ?" అని ఎండాకాలంలో అడిగినా మంచులో అడిగినా ఆయన జవాబు ఒక్కటే: "అయిపోవచ్చింది." కోవెంట్రీ శివారులో మా వీధి ఇళ్లు జంట అరటిపళ్లలా రెండేసి అంటుకుని ఉంటాయి. గోడకు ఇటు మా వంటిల్లు, అటు ఆయన గరాజు. మేం తాలింపు పెడితే అటు తుమ్ములు, ఆయన గ్రైండరు పెడితే ఇటు గిన్నెల గోల.

ఇంగ్లండులో గరాజు కట్టేది కారు కోసమే అయినా, అందులో కారు తప్ప అన్నీ ఉంటాయి. పాత సోఫా, పిల్లల సైకిళ్లు, క్రిస్మస్ చెట్టు. ఈయన గరాజులో మాత్రం కారుంది. విడివిడిగా ఉంది.

కిట్ కార్లంటూ విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే కారు బిగించుకునే ఈ జాతి పుట్టుక వెనక ఒక పన్ను ఉంది. 1957లో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే బుల్లి కారు తెచ్చాడు. తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడిభాగాల పెట్టెగా కొంటే అక్కర్లేదు. కానీ బిగించే పద్ధతి రాసిన కాగితం ఆ పెట్టెలో ఉండకూడదు. విప్పే పద్ధతి గురించి చట్టం నోరెత్తలేదు గనక కారును ఎలా విప్పాలో రాసి పెట్టారని, కొన్నవాళ్లు దాన్ని కిందినుంచి పైకి చదువుకున్నారని చెబుతారు. ఈ కథ విన్నప్పుడు, మన సేల్స్‌టాక్స్ గుమాస్తాలకు ఇంగ్లండులో చుట్టాలున్నారని నాకు నమ్మకం కుదిరింది. 1973లో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది. అదే ఏడు సెవెన్ హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీ చేతికి వెళ్లాయి. పన్ను పోయినా పిచ్చి పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లకే సొంతంగా సెవెన్ లాంటి స్పోర్ట్సు కారు కట్టుకోవచ్చంటూ పుస్తకం రాసి, ఆరబోయే నిప్పు మీద కిరసనాయిలు పోశాడు.

ఆ 250 అనే అంకెను నమ్మి గరాజు తలుపు వేసుకున్నవాళ్లలో మా అయిపోవచ్చిందిగారు ఒకడు. వృత్తి రీత్యా లెక్కల మాస్టారు. పుస్తకం ఫోర్డ్ ఎస్కార్ట్ భాగాలు వాడమంది, ఈయనకు తుక్కు కొట్టులో ఫోర్డ్ సియెర్రా దొరికింది. అక్కడే లెక్క తప్పింది. ఏమైతేనేం, చట్రం వెల్డింగ్ చేశాడు, సియెర్రా ఇంజను ఎక్కించాడు, ప్రభుత్వ పరీక్షకు తీసుకెళ్లాడు. బయట చేతికి తగిలే అంచు ఏదైనా కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం తిరిగి ఉండాలని అక్కడి రూలు. ప్రతి నట్టుకూ రబ్బరు టోపీ పెట్టి పాసయ్యాడు. ఇంటికొచ్చి టోపీలన్నీ పీకేసి డబ్బాలో దాచుకున్నాడు.

అమ్మ గుడివాడ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు ఆ కారు రోడ్డు మీద తిరుగుతోంది. పైకప్పు లేదు, తలుపుల్లేవు, బరువు మారుతి 800 కంటే తక్కువ. "వానొస్తే?" అంది అమ్మ. ఇంగ్లండులో అడగాల్సిన మొదటి ప్రశ్నే అడిగింది. తడుస్తారని చెప్పాను.

అలా రెండేళ్లు తిరిగాక ఒక ఆదివారం ఆయన గోడ మీదుగా తల పెట్టి, దిగులుగా అన్నాడు: "బాగానే నడుస్తోంది."

అందులో దిగులెందుకో అప్పుడు నాకు తెలియలేదు. మర్నాడు ఇంజను బయటికొచ్చింది.

అది ఫోర్డ్ వాళ్ల పింటో ఇంజను, 1970 నాటి నమూనా. ఇనుప దిమ్మ, కార్బురేటరు. దాని బదులు ఫోర్డ్ ఫోకస్‌లోని జెటెక్ పెడతానన్నాడు. పదహారు వాల్వులు, పెట్రోలును కంప్యూటరు కొలిచి పోస్తుంది. కారణం మాత్రం మనిషిని బట్టి మారేది. భార్యకు మైలేజీ అని చెప్పాడు. చలికాలం పొద్దున్నే ఒక్క తాళానికే లేస్తుందని నాకు చెప్పాడు. ఇన్సూరెన్సు వాళ్లకు ఫోనులో చెబుతుంటే గోడలోంచి విన్నాను, "చిన్న మార్పు" అన్నాడు. పింటోకు సుమారు నూరు గుర్రాల బలం, జెటెక్‌కు నూట ముప్పై. ఈ దేశంలో ఏ రోడ్డు మీదైనా గంటకు 70 మైళ్లు దాటకూడదు. ఆ పైన వచ్చిన ముప్పై గుర్రాలూ ఎక్కడ మేస్తాయో లెక్కల మాస్టారు చెప్పలేదు.

"కాపురం చేస్తున్న కోడల్ని పుట్టింటికి పంపినట్టు, నడుస్తున్న బండిలోంచి ఇంజను తియ్యడమేంట్రా?" అని అమ్మ ఫోనులో నిలదీసింది.

ఇంజను మార్చడం నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు మా పెదనాన్న తన పెట్రోలు అంబాసిడర్‌ను విజయవాడ ఆటోనగర్‌కు తోలుకెళ్లి డీజిలు ఇంజను పెట్టించాడు. మెకానిక్కు చేతిలో కొలత టేపు కూడా చూళ్లేదు. బెత్తెడుతో కొలిచి, సుద్దముక్కతో గీసి, వెల్డింగు పెట్టి, వారంలో ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆ కారులో అరుచుకుంటే తప్ప మాటలు వినబడేవి కావు. అయినా పెదనాన్న జేబులో లీటరుకు ఇంతని మిగిలేది. ఈ కథంతా అయిపోవచ్చిందిగారికి చెప్పాను. లాభమంతా విని, ఆయన అడిగింది ఒక్కటే: "గేరు బాక్సు పట్టిందా?"

ఈయనకు పట్టలేదు. అదీ అసలు కథ. కొత్త ఇంజను తేవడమంటే ఒక్క వియ్యంకుణ్ణి భోజనానికి పిలవడం. వెనకాల నలభై మంది దిగుతారు. పింటోకూ గేరు బాక్సుకూ మధ్య ఉండే బెల్ హౌసింగ్ జెటెక్‌కు సరిపోదు, వేరేది కొనాలి. కింద నూనె గిన్నె, మన మెకానిక్కులు ఆయిల్ చాంబర్ అంటారే, అది లోతెక్కువ. అంత కిందికి ఉండే కారులో రోడ్డుకు గీసుకుంటుంది, కనక పొట్టిది కొనాలి. జెటెక్ పుట్టింది ఇంజను అడ్డంగా కూర్చునే కారు కోసం. సెవెన్ తరహా కారులో నిలువుగా కూర్చోబెట్టేసరికి, నీళ్లు బయటికొచ్చే థర్మోస్టాట్ కొమ్ము వెళ్లి వెనక అడ్డుగోడను పొడుస్తుంది. దాన్ని తీసేసి నీళ్లను ముందుకు మళ్లించే గొట్టం వెయ్యాలి. తుక్కు కొట్టులో ఇంజను 150 పౌండ్లు. దాన్ని నిలబెట్టడానికి అయినది 2,300. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటారు గానీ, ఇక్కడ మసాలా ఆ సామెతనే ఎప్పుడో దాటేసింది.

ఇక వైర్లు. ఫోకస్ కంప్యూటరు తన పాత కారు తాళంచెవిని గుర్తుపడితే గానీ ఇంజన్ను లేవనివ్వదు. ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉందో. అందుకని మెగాస్క్వర్ట్ అనే కంప్యూటరు తెచ్చుకున్నాడు. దాన్నీ ముక్కలుగానే తెచ్చుకుని ఒక్కొక్కటీ సోల్డరింగ్ చేశాడు. రెడీమేడ్‌గా దొరికేది ఏదైనా ఈ జాతికి అవమానమే. భోజనాల బల్ల మీద ఎనిమిది నెలలు వైర్లు సేమ్యాలా పరుచుకుని ఉన్నాయి.

ఆ రోజుల్లోనే నాకొక విషయం బోధపరిచాడు. ఇంజను వెనక చక్రానికి 36 పళ్లు పట్టే చోట 35 మాత్రమే ఉంటాయి. ఒకటి కావాలనే మానేశారు. ఆ ఖాళీ ఎదురైనప్పుడల్లా ఇంజను ఎంతవరకు తిరిగిందో కంప్యూటరు పోల్చుకుంటుంది, నిప్పురవ్వ ఎప్పుడు వెయ్యాలో లెక్క కడుతుంది. ఈ కారు వంశంలో మొదటి పన్ను ఎగ్గొట్టింది చాప్‌మన్ అయితే, రెండో పన్ను ఎగ్గొట్టింది ఫోర్డ్ వాళ్లన్నమాట. ఈ మాట ఇంగ్లీషులో చెప్పి నవ్విద్దామని చాలాసేపు ప్రయత్నించాను. కుదరలేదు.

ఆయన భార్య గురించి చెప్పాలి. కారు తయారవగానే ఇద్దరూ అందులో ఇటలీ వెళ్లాలని ఎప్పుడో అనుకున్నారట. కారు తయారయ్యేలోపు ఆవిడ ఇటాలియన్ నేర్చుకుంది. ఇప్పుడు ధారాళంగా మాట్లాడుతుంది. ఇటలీకి రెండుసార్లు వెళ్లొచ్చింది కూడా, విమానంలో.

అమ్మ రెండోసారి వచ్చేసరికి కారు స్టాండ్ల మీదే ఉంది. ఆరు నెలల వీసా అయిపోవస్తుండగా ఒక సాయంత్రం, కొత్త ఇంజనుకు తాళం తిప్పుతున్నానని కబురొచ్చింది. అమ్మ నాలుగు నిమ్మకాయలు పట్టుకెళ్లింది. నాలుగు చక్రాలూ గాల్లోనే ఉన్నాయి. అయినా కిందనే పెట్టి, బానెట్టు లేని ఇంజన్ను చూసి ఎక్కడ బొట్టు పెట్టాలో తేల్చుకోలేక, ఆయన నుదుటనే పెట్టేసింది. తాళం తిప్పాడు. మొదటిసారి దగ్గింది, రెండోసారి లేచింది. ఆయన మొహం చూసి తీరాలి. అరవై ఏడేళ్ల మనిషి పసివాడిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. అమ్మ మా ఇంట్లోంచి పాయసం తెచ్చి ఆ దంపతులకిచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి ఆయన మీద జోకులు వెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది.

మే నెలలో స్టోన్‌లీలో కిట్ కార్ల ప్రదర్శన ఉంటే నన్నూ ఎక్కించుకుని వెళ్లాడు. వాన పడింది, తడిశాం. అక్కడ వందలకొద్దీ అయిపోవచ్చిందిగార్లు. అందరి కార్లకూ బానెట్లు తీసి ఉన్నాయి, అందరి నడుములూ వంగి ఉన్నాయి. ఎలా నడుస్తోందని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. "ఏ ఇంజను?" ఇదొక్కటే పలకరింపు. ఈయన "జెటెక్" అని మామూలుగా అన్నట్టు అనేవాడు. మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. తర్వాత ఒక కుర్రాడి కారులోకి వంగి, లేచి, మళ్లీ వంగాడు. అందులోని ఇంజను డ్యూరాటెక్. జెటెక్ దిమ్మ ఇనుముది, డ్యూరాటెక్‌ది అల్యూమినియం.

తిరుగు ప్రయాణంలో మాట్లాడలేదు. మా వీధి మలుపు తిరిగాక ఇంజన్ను ఆపి, కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుని అన్నాడు:

"బాగానే నడుస్తోంది."

డ్యూరాటెక్‌కు బెల్ హౌసింగ్ మళ్లీ వేరు, ఆయిల్ చాంబర్ వేరు. పైగా పొగగొట్టం జెటెక్‌కు ఒక పక్కనుంచి వస్తే, దీనికి అవతలి పక్కనుంచి వస్తుంది. బాడీకి రెండో పక్క కొత్త కంత కొయ్యాలి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఇంజను నంబరు మార్పించడానికి కవరు ఇప్పటికే సిద్ధంగా ఉంది. అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఇంజను దింపడానికి శనివారం పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నాడు. టార్చి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట.