తలకి అయిదు కళ్లు

మా మేడమీది వాటాలో బాబాయ్ రిటైరైన నెలలోపే బొమ్మలు నేర్చుకోవడానికి కూర్చున్నాడు. కొండా, కొబ్బరిచెట్టూ, పడవా వేసుకుంటే ఎవరికీ బాధలేకపోయేది. ఏకంగా తలకాయలు పట్టుకున్నాడు.

ఈ జాతిని మీరూ చూసే ఉంటారు. గీతకంటే ముందు పెన్సిళ్లొస్తాయి, హెచ్‌బీ మొదలు 8బీ దాకా. ఆ తర్వాత మనతో మాట్లాడుతూ మన మాట వినరు, ముక్కు కొలుస్తుంటారు.

బాబాయ్‌కి ఆండ్రూ లూమిస్ అనే అమెరికన్ 1956లో తెచ్చిన పుస్తకం పారాయణగ్రంథం. ముందు బంతి గీయాలి, రెండు పక్కలా కాస్త చెక్కేయాలి, నిలువుగీతా అడ్డగీతా వేసి కింద దవడ తగిలించాలి. బంతి దివ్యంగా వస్తుంది బాబాయ్‌కి. దవడ తగిలించగానే అది మరచెంబైపోతుంది. బాపు ఒక్క గీతతో తేల్చే బుగ్గకి ఈయన నలభై గీకుతాడు. అందుకే ఆయన వేసిన ఆడవాళ్లందరికీ గడ్డాలు.

అసలు పేచీ కళ్ల దగ్గర. గడ్డం నుంచి నడినెత్తికి కొలిస్తే కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. నమ్మబుద్ధి కాదు గానీ అద్దం ముందు స్కేలు పెట్టి చూసుకోండి. మన చూపంతా కళ్లూ ముక్కూ మూతి మీదే తిరుగుతుంది కాబట్టి నెత్తిని లెక్కలోంచి తీసేస్తాం, కళ్లు నుదుటిమీదికి ఎక్కేస్తాయి. మొదటి నెలంతా బాబాయ్ మనుషులకి మెదడు పెట్టుకునే జాగా లేదు. పిన్ని ఒకటి చూసి, “అచ్చం మీ తమ్ముడేనండీ” అంది మెచ్చుకోలుగా.

కుడికన్ను కుదిరితే ఎడమది దానికి జత కాదు. నాలుగు రబ్బర్లు అరిగాక బాబాయ్ మనుషులు నల్లకళ్లజోళ్లు పెట్టుకున్నారు. చెవులు రాక జుట్టు పెంచారు. చివరికి అందరూ ఎడమపక్కకి తిరిగిపోయారు, అటునుంచి బస్సేదో రావాలన్నట్టు.

తల వెడల్పు అయిదు కళ్లనీ, రెండు కళ్ల నడుమ మూడోది పట్టాలనీ సూత్రం తెలిశాక పెళ్లిచూపులకి తోడు వెళ్లాడు, ఆడపెళ్లివారి తరఫున. “కుర్రాడెలా ఉన్నాడోయ్?” అని పిల్ల తాతగారు చెవిలో అడిగారు. “లక్షణంగా ఉన్నాడు. మధ్యలో మూడో కన్ను సరిగ్గా పడుతుంది” అన్నాడు బాబాయ్. “అంత కోపిష్టా!” అని పెద్దాయన కంగారుపడ్డాడు. ఆ సంబంధం కుదర్లేదు.

మొన్న ఆదివారం నా వంతొచ్చింది. గంటసేపు కదలనివ్వలేదు. చెయ్యి చాచి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి నన్ను కొలిచాడు, దర్జీ కూడా అంత కొలవడు. కాఫీ తెచ్చిన పిన్ని కాగితంకేసి ఓసారీ నాకేసి ఓసారీ చూసింది.

“మళ్లీ మీ తమ్ముణ్ణే వేశారా?”