పిసినారి టీ

మా ఇంట్లో టీ అంటే పాలు, టీపొడి, పంచదార, దంచిన అల్లం ఒకే గిన్నెలో పడి పొంగడమే. ఆ పొడి గుళికల్లా ఉండే సీటీసీ రకం. ఎంత మరిగించినా పాలలోని మాంసకృత్తులు దాని వగరును చాలావరకు పట్టేసుకుంటాయి కాబట్టి ఎవరు పెట్టినా తాగేలాగే ఉంటుంది. అలాంటి ఇంట్లో నేనొక్కణ్ణే పాలూ పంచదారా లేని ఆకు టీ తాగుతానని ప్రకటించాను. మా అల్లుడు డార్జిలింగ్ వెళ్లి ఒక డబ్బా తెచ్చాడు. తెచ్చినవాడు ధర చీటీ పీకడం మరిచిపోయాడు.

ధర చూసినవాడి చేతి మీదుగా మంచి టీ రాదు. చెంచాడు ఆకు తీసేవాణ్ణి, ప్రాణం ఒప్పక సగం మళ్లీ డబ్బాలో పోసేవాణ్ణి. ఆకు తక్కువైతే రంగెక్కడిది? రంగు రాలేదని అలాగే నానబెట్టి పేపరు పట్టుకునేవాణ్ణి. సంపాదకీయం పూర్తయ్యేసరికి రంగు వచ్చేది, చేదూ వచ్చేది. అదీ చాలక, చింతపండు పిసికినట్టు జల్లెడలోని ఆకును చెంచాతో నొక్కి మరీ పిండేవాణ్ణి. పైగా నలుగురికి సరిపోయే కెటిల్! ఒక కప్పు వంచుకున్నాక మిగతాది ఆకు మీదే నిలవుండేది. ఒకసారి ఆ రెండో కప్పు వాసన చూసి మా ఆవిడ, "ఎవరికండీ ఒంట్లో బాగోలేదు?" అంది.

దేశంలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు డార్జిలింగ్ టీ. మా వంటింట్లో దాన్ని గుర్తుపట్టినవాళ్లు లేరు.

పాపం, ఆకు చేసిన నేరమేమీ లేదు. సువాసన త్వరగా దిగిపోతుంది. వగరు తెచ్చే టానిన్లు మాత్రం నానినకొద్దీ దిగుతూనే ఉంటాయి. టీ చిక్కగా కావాలంటే ఆకు పెంచాలి, సేపు పెంచకూడదు. నేను ఆకు తగ్గించి సేపు పెంచాను. టీ రకాల్ని పోల్చి చూడటానికి ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది: 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, 6 నిమిషాలు. అది పరీక్షకే తప్ప పొద్దున్నే తాగడానికి కాదు. నేను అంతకు మించి నానబెట్టి పరీక్షించాను. ఆకు నెగ్గింది, నేను తప్పాను.

ఒక్కరికైతే లెక్క చిన్నదే. 200 మిల్లీలీటర్ల నీళ్లకు రెండు, రెండున్నర గ్రాముల ఆకు. డార్జిలింగ్ ఆకు తేలిక, చెంచా నిండా కనిపించినా తూగదు. అందుకే చిన్న డిజిటల్ కాటా మంచిది. నీళ్లు మరిగాక స్టవ్ కట్టేసి కాస్త ఆగాలి, 90 డిగ్రీలు చాలు. గ్రీన్ టీకైతే 80 దాటొద్దు. ఆకు మీద పోసి మూత పెట్టి మూడు నిమిషాలు. తర్వాత ఆకు దగ్గర చుక్క మిగలకుండా మొత్తం కప్పులోకి వంచేయాలి. పిండకూడదు. రెండో కప్పు కావాలంటే అదే ఆకు మీద మళ్లీ వేడినీళ్లు పోసి ఇంకో నిమిషం ఎక్కువ ఉంచితే చాలు, బాగానే దిగుతుంది. డబ్బు గిట్టుబాటు చేసుకునే దారి ఇంత సులువని తెలిస్తే అన్నాళ్లు కషాయం తాగేవాణ్ణే కాదు.

కాబట్టి తోటి పిసినారులారా, ఆకు దగ్గర చెయ్యి వదులు చేయండి. పిసినారితనమంతా నిమిషాల దగ్గర చూపించండి.