ఒకటో నంబరు

2017 వేసవి మొదట్లో పెదనందిపాడు దగ్గర ఊరి రైతు ఒకాయన అరవై టిక్కీల (బస్తాల) తేజ రకం మిరపకాయలు మినీ లారీకెత్తి, రాత్రికి రాత్రి గుంటూరు మిర్చి యార్డుకు బయల్దేరాడు. గేటు ముందు వరస చాలా దూరం ఉంది. పొద్దెక్కి లోపలికి వెళ్లేసరికి ముందురోజు ధర లేదు.

ఆ ఏడాది సంగతి మిర్చి వేసిన ప్రతి ఇంటికీ తెలుసు. అంతకుముందు సీజన్లో క్వింటా 12,000 పలికిన కాయ 3,000కు కూడా దిగింది. రాష్ట్రం క్వింటాకు 1,500 చొప్పున, రైతుకు 20 క్వింటాళ్ల వరకు సాయం ఇస్తానంది. మే నెలలో కేంద్రం 5,000కు కొంటానంది. ఆ లోపలే చాలామంది అమ్మేసుకున్నారు. ఈయన కూడా అమ్మేశాడు.

ఆయన కొడుకు హైదరాబాదులో ప్రోగ్రామరు. ఆ రాత్రి ఫోన్లో తండ్రి ఒక్క మాటే అన్నాడు.

"ముందురోజు ధర సరిగ్గా తెలిసుంటే బండి ఎత్తేవాణ్ణి కాదు అబ్బాయ్. ఏసీలో పెట్టుకునేవాణ్ణి."

ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. గుంటూరు చుట్టూ వందకు పైగా ఉన్నాయి. ధర లేనప్పుడు కాయలు అందులో పెట్టి, వాళ్లిచ్చే బాండు మీద అప్పు తెచ్చుకుని, ధర కోసం ఎదురుచూడటం ఇక్కడి పద్ధతి.

కొడుకు ఆ శని, ఆదివారాలు కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాడు. మేనమామ యార్డులో ఒక కమిషన్ కొట్టు గుమస్తా. ఆయన మధ్యాహ్నానికి మూడు అంకెలు పంపాలి. అవి ఒక మెసేజీగా మారి తండ్రి ఫోనుకు వెళ్లాలి. కింది ధర, పై ధర, ఎక్కువ సరుకు పోయిన ధర. అంతే.

ఆ మూడో అంకెలోనే కుర్రాడి తెలివంతా ఉంది. పై ధర ఎవరైనా చెబుతారు. మంచి కాయ పది టిక్కీలకు పలికిన ధర విని ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని వెళ్లి, వచ్చిన కాడికి అమ్ముకుని రావడం గుంటూరులో ఏటా చూసేదే. తన సరుకు ఎంతకు పోతుందో రైతుకు చెప్పేది ఆ మూడో అంకె ఒక్కటే.

తండ్రి రోజూ ఆ అంకెను గోడమీది వెంకట్రామా క్యాలెండర్లో ఆనాటి గడిలో పెన్సిలుతో రాసుకునేవాడు. ప్రోగ్రాం లోపల ప్రతి రైతుకూ ఒక వరస సంఖ్య ఉంది. తండ్రిది 1. ఆ ముక్క కొడుకు ఎప్పుడో నవ్వుతూ చెప్పాడు. పెద్దాయన మర్చిపోలేదు. టీ కొట్టు దగ్గర అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు.

"దీంట్లో నాది ఒకటో నంబరు."

రెండు నెలల్లో నలభై మంది అడిగారు. ఏడాది తిరిగేసరికి నాలుగు వందల మంది. పాత లాప్‌టాప్ మీద నడిచే ప్రోగ్రాం రోజుకోసారి ఆగిపోయేది. కుర్రాడు ఉద్యోగం మానేశాడు. అద్దె సర్వర్లకు మార్చాడు, యాప్ చేశాడు, ఇద్దరు స్నేహితులను కలుపుకున్నాడు.

పెట్టుబడి పెట్టే ఒకాయన దగ్గరకు వెళ్తే ఆయన మొదట అడిగింది ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ గురించి. 2016 ఏప్రిల్ 14న కేంద్రం 21 మార్కెట్లతో మొదలుపెట్టింది, సాఫ్ట్‌వేరు చేసింది కూడా హైదరాబాదు కంపెనీ నాగార్జున ఫెర్టిలైజర్సే, మళ్లీ నువ్వెందుకు అన్నాడు. యార్డులోకి వచ్చిన సరుకు సంగతి అది చూస్తుంది, ఏసీల్లో పడుకున్న సరుకు ఎవరిది, ఎంత, ఏ రకం అన్నది నేను చూస్తాను అన్నాడు కుర్రాడు. ఆ జవాబు ఆయనకు నచ్చింది.

రెండో ప్రశ్న, డబ్బు ఎవరిస్తారు?

దానికి జవాబు లేకపోతే ఆయనే రెడ్‌బస్ కథ చెప్పాడు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదుకు బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామ అక్కడే ఉండిపోయాడు. స్నేహితులతో కలిసి బస్సుల యజమానుల కోసం సాఫ్ట్‌వేరు చేద్దామనుకున్నాడు. యజమానులు వద్దన్నారు. అయితే ముందు టికెట్లే అమ్ముదామని 2006లో మొదలుపెట్టారు. జనం అలవాటు పడ్డాక యజమానులే సాఫ్ట్‌వేరు కావాలన్నారు. 2013లో ఐబిబో గ్రూపు ఆ కంపెనీని కొనేసింది.

"టికెట్ మీద కమిషన్ ఇచ్చింది సీటు అమ్ముకునేవాడు. నీ దగ్గర ఎవరిస్తారో తేల్చుకో," అన్నాడాయన.

కుర్రాడు ఆ రాత్రి నిద్రపోలేదు. నెలకు ముప్పై రూపాయలు పెట్టి చూద్దామన్నారు స్నేహితులు. కుర్రాడు ఒప్పుకోలేదు. పురుగుమందు దగ్గర్నుంచి కాటా దాకా ప్రతివాడూ రైతు దగ్గరే పుచ్చుకుంటాడు, నేను పుచ్చుకోను అన్నాడు. యాప్ తెరవగానే కనబడేలా తన చేత్తోనే ఆ వాక్యం పెట్టాడు. "రైతు రూపాయి ఇవ్వక్కర్లేదు."

డబ్బు కొనేవాళ్లు ఇచ్చారు. ఊళ్లో కూర్చుని ఏ ఏసీలో ఏ కాయ ఎంత ఉందో చూసుకునే వీలు ఎగుమతి వ్యాపారికి అంతకుముందు లేదు. సంవత్సర చందా కట్టి చేరారు. తర్వాత ఖమ్మం, వరంగల్ ఏనుమాముల, ఆపైన కర్ణాటకలో బ్యాడగి. సాఫ్ట్‌వేరు ఒక్కటే, మార్కెట్టుకో తలుపు. కొత్త మార్కెట్ తెరవడానికి మొదట్లో మూడు నెలలు పట్టేది. చివరకు రెండు రోజుల్లో అయిపోయేది. పెట్టుబడిదారులకు కావలసింది కూడా ఆ రెండు రోజులే.

బాండు మీద అప్పు త్వరగా ఇప్పించే ఏర్పాటు కూడా చేశారు. దానికి ఒక ఫారం. ఎన్ని టిక్కీలు, ఏ ఏసీ, అప్పు ఎంత, గడువు ఎప్పుడు, కౌలు ఎప్పుడు కట్టాలి, ఇంట్లో చదువులు, పెళ్లిళ్లు. చాలామంది సగం వదిలేసేవాళ్లు. పెద్దాయన మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని, పక్కింటి పిల్లను కూర్చోబెట్టుకుని, ఒక్క గడి వదలకుండా నింపేవాడు. కూతురి కొడుకు ఇంజనీరింగ్ ఫీజు కట్టే తేదీతో సహా.

"కొడుకు అడుగుతున్నాడు. ఖాళీ పెడితే బాగుండదు," అనేవాడు.

వ్యాపారులకు ఒక ఇబ్బంది వచ్చింది. వంద మంది రైతులకు ఫోన్ చేస్తే తొంభై మంది ఇప్పుడు అమ్మం అంటున్నారు. రోజంతా ఫోన్లకే పోతోంది. ఇలాగైతే వచ్చే ఏడు చందా కట్టం అన్నారు. ఆఫీసులో చురుకైన అమ్మాయి ఒకతె దారి చెప్పింది. అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లను పైన చూపిద్దాం, లేనివాళ్లను కింద పెడదాం, రైతులకూ అనవసరపు ఫోన్లు తప్పుతాయి. నిజమే అనిపించింది. ఆ వరసకు "సిద్ధం" అని పేరు పెట్టారు. సున్నా నుంచి వంద. కుర్రాడు అయిదు నిమిషాలు చూసి సరే అన్నాడు. ఫోన్లు సగానికి తగ్గాయి. చందాలు పెరిగాయి.

2025లో ధర మళ్లీ పడింది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 ప్రకటించాల్సి వచ్చింది. పెద్దాయన కాయలు ఏసీలో పెట్టి, వానలు పడ్డాక 38 టిక్కీలు అమ్మాడు. ఆ రాత్రి ఫోన్లో అవీ ఇవీ మాట్లాడుతూ మధ్యలో అన్నాడు.

"మనవి 11,800కు పోయినయ్యి. పక్క చేను వాళ్లవి 12,600కు పోయినయ్యంట."

"అదే రోజా నాన్నా?"

"అదే రోజు. కొన్నాయన కూడా ఆయనే. ఒకే విత్తనం, ఒకే ఏసీ, ఒకే గది. వాళ్లకు ఫోన్ చేసినప్పుడు ఆయనే పెంచుకుంటూ పోయాడంట. నా దగ్గర మొదటి మాట మీదే నిలబడ్డాడు. నా కాయలో ఏం తేడా కనబడిందో."

టిక్కీకి 45 కిలోల లెక్కన పదిహేడు క్వింటాళ్లు. పదమూడు వేల ఆరువందల చిల్లర. కొడుకు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లాప్‌టాప్ తెరిచాడు. నాణ్యత గ్రేడు ఎక్కడో తప్పు పడి ఉంటుందనుకున్నాడు. చూశాడు. ఇద్దరిదీ ఒకే గ్రేడు.

ఇన్నేళ్లలో అతను వ్యాపారి వైపు నుంచి తన యాప్ తెరిచింది లేదు. ఇప్పుడు తెరిచాడు. గుంటూరు, తేజ, ఏసీ సరుకు నొక్కాడు. "సిద్ధం" వరసలో పేర్లు దిగాయి. పక్క చేను ఆయన కోసం కిందికి జరుపుతూ పోయాడు. ఎక్కడో మూడో పేజీలో దొరికాడు. ఫారం సగం ఖాళీ. మార్కులు 31.

తండ్రి కోసం మళ్లీ పైకి వచ్చాడు. రెండో పేజీలో లేడు. మొదటి పేజీ చివర లేడు.

అన్నిటికంటే పైన ఉన్నాడు. రైతు నంబరు 1. సిద్ధం: 97. బాండు అప్పు గడువు ఆరు రోజులు. కౌలు బాకీ ఉంది. కాలేజీ ఫీజు ఈ నెల. వివరాలు: పూర్తి.

ఫోన్లో కాసేపు ఏమీ వినబడకపోయేసరికి పెద్దాయన కంగారు పడ్డాడు.

"ఏం అబ్బాయ్, ఫారంలో నేనేమన్నా తప్పు నింపానా?"