మట్టి కోర్టు లెక్కలు

2025 జూన్ 7, శనివారం. సీతాఫల్‌మండిలో మా పక్కింటి పెద్దాయన టీవీ ముందు ఇరుగుపొరుగంతా చేరాం. ఫ్రెంచ్ ఓపెన్ మహిళల ఫైనల్. నంబర్ వన్ సబలెంకాకు ఎదురుగా కోకో గాఫ్. ఉస్మానియా క్యాంపస్‌లో చదివే రోజుల్లో పెద్దాయన రోజూ టెన్నిస్ ఆడేవారు. ఆయన పక్కన కూర్చుంటే ఆట అర్థమయ్యే తీరే వేరు.

"ర్యాంకు జూసి చెప్పొద్దు" అన్నారు. "అది ఎర్రమట్టి. పైన ఇటుక పొడి ఒకటి రెండు మిల్లీమీటర్లే, కింద సున్నపురాయి. ఆ కాస్త పొడే బంతి వేగాన్ని పట్టేసి పైకి లేపుతది. సిమెంటు కోర్టుల పాయింటొచ్చే షాటు ఈడ తిరిగొస్తది. మళ్ల కొట్టాలె, మళ్ల కొట్టాలె. సర్వీసొక్కటే నమ్ముకుంటే నడవదు. జారుకుంట పోయి అందుకునే కాళ్లు కావాలె, ఓపిక కావాలె. ఎండకాస్తే ఆట జోరు, తేమ పడితే బంతి బరువు. ఇయ్యాల ఆ గాలి జూడు!"

గాలి నిజంగానే ఇద్దరినీ ఏడిపించింది. మొదట్లో 4-1తో ముందున్న సబలెంకా, టైబ్రేక్‌లో గానీ తొలి సెట్ దక్కించుకోలేకపోయింది. "గట్టిగ కొట్టేటోళ్లకు గాలి పగ" అన్నారాయన. అన్నట్టే 6-7, 6-2, 6-4తో గాఫ్ గెలిచింది. సబలెంకా అనవసర తప్పిదాలు 70! ఆయన చెప్పిన ఒక్క లెక్కా తప్పలేదు.

ఆ ఊపులోనే పద్నాలుగేళ్ల మనవరాలి వైపు తిరిగారు. తార్నాకలో మట్టి కోర్టు మీదే నేర్చుకుంటోంది ఆ పిల్ల.

"పేడతో అలికిన కోర్టుల మీద మొదలుపెట్టిన మన సానియా, 2012ల ఇదే పారిస్‌ల మిక్స్‌డ్ డబుల్స్ కప్పు కొట్టింది. నువ్వు పోయిన వారం ఎట్ల ఓడినవ్ బిడ్డా? మట్టా, గాలా, ఓపికా?"

"అవేం కాదు తాతా. మూడో సెట్టుల 4-2 నేనే ముందున్న."

"మరి?"

"ఆరున్నరైంది. ఆడపిల్ల ఆరున్నరకల్లా ఇంట్ల ఉండాలని నువ్వే అన్నవ్ కద. బ్యాగు సర్దుకొని వచ్చేసిన. ఓడినట్టు రాసుకున్నరు."

ఎవరం మాట్లాడలేదు. అప్పుడే తలుపు తోసుకుని మనవడు లోపలికొచ్చాడు, భుజాన రాకెట్‌తో, కాళ్ల నిండా ఎర్రమట్టితో. తొమ్మిదిన్నర దాటింది. వాడూ అదే కోర్టులో లైట్ల కింద ఆడి వస్తున్నాడు. ఇంతసేపెందుకైందని ఎవరూ అడగలేదు.