పెళ్లికి దయచేయండి, దారి మాత్రం మీరే వెతుక్కోండి

పెళ్లికొడుకు తాతగారి ఊరు రాజోలు పక్కన. ఆ ఇంటికి తాళం పడి చాలా ఏళ్లయింది. పెళ్లి మాత్రం అక్కడికి కూతవేటు దూరంలో, గోదారి ఒడ్డున ఓ రిసార్టులో. శుభలేఖతో పాటు చుట్టాలందరికీ వాట్సాప్‌లో ఒక ట్రావెల్ గైడు కూడా దిగింది. ‘అన్‌ఎక్స్‌ప్లోర్డ్ కోనసీమకు స్వాగతం’ అట! వాళ్ల నాన్న నిక్కరేసుకుని ఈత కొట్టిన కాలువ, ఇంకా ఎవరూ కనిపెట్టని ప్రదేశం అయిపోయింది.

విదేశాలకు పోయి పెళ్లిళ్లెందుకు, ఆ సొమ్మేదో మన దేశంలోనే ఖర్చుపెట్టండని 2023 నవంబరు ‘మన్ కీ బాత్’లో ప్రధాని అన్నారు కదా. డాలస్‌లో ఉన్న మావాళ్లు ఆ మాట గట్టిగా పట్టుకున్నారు. ఇటలీ బతికిపోయింది, లంకలు దొరికిపోయాయి.

గైడులో ‘ఎలా చేరుకోవాలి’ అన్న పేజీ నిండా కొబ్బరిచెట్లున్నాయి, దారి లేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

రైల్లో అమలాపురం దాకా వెళ్దామనుకునేవారు కాస్త ఆగండి. కోటిపల్లి–నరసాపురం లైను 2000–01లో మంజూరైంది. గోదావరిలో స్తంభాలు లేచాయి గానీ, రైలుకే ఇంకా ముహూర్తం కుదరలేదు. కాబట్టి రాజమండ్రిలో దిగాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దింపుతుంది, గౌతమి తెల్లవారుజామున దింపుతుంది; రెండువేళలా మిమ్మల్ని తీసుకెళ్లాల్సిన కారు డ్రైవరు ఫోనెత్తడు. నరసాపురం బండి దొరికితే పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటేయడం మేలు. విమానంలో వచ్చేవారు మధురపూడిలో దిగి ‘వచ్చేశాం’ అని స్టేటస్ పెట్టొద్దు, ఇంకా రెండు గంటల పైమాటే.

మ్యాప్‌ను నమ్ముకుంటే అది మిమ్మల్ని ఏ రేవులోనో దింపి ‘గమ్యం చేరుకున్నారు’ అంటుంది. మనుషుల్ని అడగండి. కాకపోతే దారి చెప్పే ముందు ‘ఎవరి తాలూకండీ?’ అంటారు. మీ అమ్మమ్మ పుట్టింటి పేరు దాకా రాబట్టాక, ‘ఆయ్, ఇక్కడేనండి’ అంటే మూడు కిలోమీటర్లు. ‘కొంచెం ముందుకెళ్లాలండి’ అన్నారా, కారులో పెట్రోలు చూసుకోండి.

రాజమండ్రి వైపు నుంచి వచ్చేవారికి పి.గన్నవరంలో, కాలువను నది మీంచి దాటించే అక్విడక్టు తగులుతుంది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలని వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా వండిపెట్టిన తల్లి. ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరి, దారిలో పెళ్లివారు కొందరు ‘ఇంకాస్త దూరం పోతే సీతమ్మగారింట్లో అన్నం దొరుకుతుంది’ అనుకోవడం విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగిపోయారని ఇక్కడ చెప్పుకుంటారు. అక్కడ ఫొటో దిగి, త్వరగా బయల్దేరండి. రిసార్టులో భోజనాలు మూడింటికి కట్టేస్తారు. చేతికి బ్యాండ్ లేకపోతే రెండున్నరకు కూడా పెట్టరు.

బస సంగతి. విడిదింట్లో కాఫీ ఆలస్యమైతే మగపెళ్లివారు అలిగేవారు, ఆడపెళ్లివారు పరుగులు పెట్టేవారు. ఇప్పుడు అలగాలన్నా మధ్యాహ్నం రెండు దాటాలి, అప్పటిదాకా గది ఇవ్వరు. అలిగాక రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తుంది.

తిండి విషయానికొస్తే, అంబాజీపేట పొట్టిక్కలు ‘హెరిటేజ్ కౌంటర్’లో ఉంటాయి. పాస్తా దగ్గర క్యూ ఎక్కువ కాబట్టి ఇవి సులువుగానే దొరుకుతాయి. మాఘమాసంలో పులస అడక్కండి. అది గోదారికి వరదొచ్చే రోజుల్లో ఎదురీదుకొచ్చే చేప. అడిగితే లేదనడానికి మొహమాటపడి, ఏదో చేప వండి పులసే అంటారు. తిన్నవాళ్లూ అద్భుతమంటారు. మర్యాద ఇరువైపులా ఉండాలి కదా!

ముహూర్తం రాత్రి రెండు గంటల నలభై మూడు నిమిషాలకు. పెళ్లికూతురు పడవలో వస్తుంది, డ్రోను పైన తిరుగుతుంది, దోమలు కింద చూసుకుంటాయి. ఒడ్డున బురదలో హైహీల్స్ ఒకసారి దిగబడితే పైకి రావు. గైడులోని డ్రెస్ కోడ్‌ను మోకాళ్ల దాకానే పాటించండి.

ఊరివాళ్లను పిలిచారా అనే అనుమానం మీకు రావచ్చు. పిలిచారు, రిసెప్షన్‌కి. పోయిన మాఘంలో ఇలాంటి పెళ్లికే వెళ్తే, గేటు దగ్గర ఒక పెద్దాయన కనిపించాడు. పెళ్లివారి పాత ఇంటి తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగే మనిషి. ముతక పంచె, భుజాన చక్కరకేళీ గెల. ఈవెంట్ కుర్రాడు అడ్డంపడి, ‘బయటి ఫుడ్ లోపలికి ఎలౌ చెయ్యం’ అన్నాడు.

పెద్దాయన గెల దించి, ఆ కుర్రాణ్ని ఎగాదిగా చూశాడు. ‘ఇది ఫుడ్డు కాదు బాబూ, డెకరేషను. మీ థీము పల్లెటూరేనంట కదా?’ అన్నాడు.

కుర్రాడు వాకీటాకీలో కనుక్కుని గెలను లోపలికి పంపాడు. దాన్ని ఫొటో బూత్‌లో కట్టారు. పెద్దాయనకు బ్యాండ్ ఎవరివ్వాలో తేలేసరికి వడ్డన అయిపోయింది.